మార్జిన్ లేని పుట: సామాజిక ఆరోగ్య కార్యకర్తల మొబైల్ యాప్‌ల రూపకల్పన – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఆశా, అంగన్‌వాడీ, ఏ.ఎన్.ఎం. వంటి క్షేత్రస్థాయి ఆరోగ్య కార్యకర్తల కోసం తయారయ్యే మొబైల్ యాప్‌లను ప్రజారోగ్య నిపుణులు ఫలితాల దృష్టితోనూ, సాంకేతిక నిపుణులు పనితీరు దృష్టితోనూ పరిశీలిస్తూ వచ్చారు. ఈ వ్యాసం వాటిని ఒక వాచకంగా చదువుతుంది. ఆ వాచకం ఎవరిని ఉద్దేశించి రాసింది, అందులో కార్యకర్త పాఠకురాలా, కేవలం లేఖకురాలా అన్నది ఇందులోని ప్రశ్న. గడ్చిరోలి, దార్-ఎస్-సలామ్, పశ్చిమ గోదావరి అనుభవాలనూ, ప్రస్తుతం అమలులో ఉన్న పోషణ్ ట్రాకర్‌నూ, తెలుగు తెరపై కనిపించే పదజాలాన్నీ ఈ కోణంలో పరిశీలించాను.

కీలకపదాలు: ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ, మొబైల్ యాప్, రిజిస్టరు, బోద్ధవ్యుడు, ఔచిత్యం, పోషణ్ ట్రాకర్, పుట్టిల్లు.

1. ఉపోద్ఘాతం:

ఆశా కార్యకర్త పనిలో సగం మాట, సగం రాత. గడపలో నిలబడి అడిగేది మాట. ఇంటికి వచ్చాక దీపం పెట్టుకుని పూర్తిచేసేది రాత. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో మొదలైన ఈ వ్యవస్థలో దేశవ్యాప్తంగా సుమారు 10 లక్షల మంది స్త్రీలు పనిచేస్తున్నారు. 1975లో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకంతో వచ్చిన అంగన్‌వాడీ కేంద్రాలు 14 లక్షలకు చేరువలో ఉన్నాయి. ఇంతమంది స్త్రీలు ప్రతిదినం రాసే రాత మన దేశంలో ఎంత విస్తారమైనదో ఊహించుకోవచ్చు. అయినా దీన్ని రచనగా ఎవరూ లెక్కించలేదు. లెక్కించనవసరం లేదనే అనుకున్నారు.

గత పదిహేనేళ్ళలో ఆ రాత రిజిస్టరు నుంచి తెర మీదికి మారింది. రాసేవారు మారలేదు. రాయడానికి ముందే పుటను నింపి ఉంచేవారు మాత్రం కొత్తగా వచ్చారు. యాప్‌లో ప్రశ్న ముందే ఉంటుంది, సమాధానాల జాబితా ముందే ఉంటుంది, ఏ సమాధానం లేకపోతే ముందుకు కదలకూడదో కూడా ముందే నిర్ణయమై ఉంటుంది. కార్యకర్త ఎంచుకుంటుంది, అంతే. కనుక యాప్‌ను పనిముట్టుగా మాత్రమే చూస్తే చాలదు. అది ఒకరు రాసి మరొకరి చేత పూర్తి చేయించే వాచకం.

మన ఆలంకారికులు వ్యంగ్యార్థాన్ని చర్చిస్తూ వక్తతో పాటు బోద్ధవ్యుణ్ణి, అంటే ఎవరికి చెబుతున్నామో ఆ మనిషిని, ప్రత్యేకంగా లెక్కలోకి తీసుకున్నారు. మమ్మటుడు కావ్యప్రకాశం తృతీయోల్లాసంలో అర్థవ్యంజనకు చెప్పిన హేతువుల్లో వక్తృవైశిష్ట్యం తరువాత వచ్చేది బోద్ధవ్యవైశిష్ట్యమే. వాక్యం అదే అయినా వినేవారు మారితే అర్థం మారుతుంది. క్షేమేంద్రుడు ఔచిత్యాన్ని కావ్యానికి ప్రాణంగా నిలిపినప్పుడు కూడా, వస్తువు ఎంత విలువైనదన్నది కాక అది తగినచోట ఉందా లేదా అన్నదే కొలమానమైంది. కావ్యానికి చెప్పిన మాటలను యాప్‌కు అన్వయించడం కొందరికి అతిగా తోచవచ్చు. కానీ ఈ వ్యాసం అడిగే ప్రశ్న ఆ రెండు పదాల్లోనే ఇమిడి ఉంది: ఈ వాచకానికి బోద్ధవ్యులు ఎవరు? అది ఉన్నచోట తగి ఉందా?

2. రిజిస్టరులోని మార్జిన్:

పాత రిజిస్టర్లను తిరగేసిన వారెవరికైనా కనిపించే విషయం ఒకటుంది. అచ్చువేసిన గడుల్లో అంకెలు ఉంటాయి. అసలు సమాచారం చాలాసార్లు గడుల పక్కన, ఎర్రగీతకు అవతల, పెన్సిలుతో ఉంటుంది. "పుట్టింటికి వెళ్ళింది, పండగ తర్వాత వస్తుంది." "అత్త ఒప్పుకోలేదు, మళ్ళీ అడగాలి." "తేదీ సరిగా తెలియదు." ఇలాంటి మాటలు పై అధికారి కోసం రాసినవి కావు. రాసిన మనిషి తనకోసం, తరువాతి నెల అదే ఇంటికి వెళ్ళబోయే తనకే, రాసుకున్నవి. అక్కడ కార్యకర్త లేఖకురాలూ ఆమే, పాఠకురాలూ ఆమే.

రిజిస్టరును నేను ఆకాశానికెత్తడం లేదు. ఒకే పేరును ఐదారు పుస్తకాల్లో తిరగరాయించిన చరిత్ర దానిది. మోయలేనంత బరువు, నెలాఖరున చేసే కూడికల్లో దొర్లే తప్పులు, చినుకు పడితే చెదిరే సిరా అన్నీ నిజమే. యాప్ వస్తే ఇవన్నీ పోతాయన్న ఆశ కార్యకర్తల్లోనూ ఉండేది. కూడికల బాధ కొంత పోయింది కూడా. దానితోపాటు మార్జిన్ కూడా పోయింది. పోయినట్టు ఎవరికీ కనబడలేదు, ఎందుకంటే మార్జిన్‌లో రాసినదాన్ని పైనున్నవారు ఎన్నడూ చదవలేదు.

చివరి నెలసరి తేదీని ఉదాహరణగా తీసుకుందాం. గర్భిణి నమోదులో అన్నిటికీ మూలం ఈ తేదీ. దానికి 280 రోజులు కలిపితే ప్రసవ తేదీ. దాన్నిబట్టే ఎన్నో వారంలో ఏ పరీక్ష చేయించాలో, ఎప్పుడు ఏ టీకా వేయించాలో, పుట్టిన బిడ్డ నెలలు నిండి పుట్టిందో నిండకుండా పుట్టిందో తేలుతుంది. 2017లో దేశమంతటా అమలులోకి వచ్చిన ప్రధానమంత్రి మాతృవందన యోజన తొలి నిబంధనల ప్రకారం, ఈ తేదీ నుంచి 150 రోజుల్లోపు నమోదైన వారికే మొదటి విడత డబ్బు. అంటే ఒకే తేదీ వైద్యానికీ ఆధారం, డబ్బుకూ ఆధారం.

మరి ఆ తేదీని స్త్రీలు ఎలా చెబుతారు? "నెల తప్పింది" అంటారు, "ముట్టు ఆగింది" అంటారు. "సంక్రాంతికి తలంటుకున్నాను, ఆ తర్వాత రాలేదు" అంటారు. అమావాస్యతోనో, ఊళ్ళో జరిగిన పెళ్ళితోనో, నాట్లతోనో ముడిపెట్టి చెబుతారు. ఇది అజ్ఞానం కాదు. కాలాన్ని గుర్తుపెట్టుకోవడంలో మరో పద్ధతి. అందులో ఒక నిజాయితీ కూడా ఉంది: "ఇంచుమించు" అన్న సంగతి ఆ మాటలోనే వినబడుతుంది. కార్యకర్త దాన్ని పంచాంగంతోనో గోడ క్యాలెండరుతోనో సరిపోల్చి ఒక తేదీ వేసుకునేది. అనుమానం ఉంటే పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టేది. ఇప్పుడు తెర రోజు, నెల, సంవత్సరం అడుగుతుంది. మూడూ ఇస్తే తప్ప తరువాతి తెర రాదు. ఆమె ఏదో ఒక రోజు వేస్తుంది. ఆ క్షణాన "ఇంచుమించు" మాయమై కచ్చితత్వం వచ్చి కూర్చుంటుంది. జిల్లా కార్యాలయంలో దాన్ని చూసేవారికి అది తేదీ. ఆమెకు మాత్రమే తెలుసు అది ఊహ అని. రెండు వారాల తేడా అంటే, నెలలు నిండని బిడ్డను నిండిన బిడ్డగానో, గడువు దాటిన గర్భాన్ని దాటనిదిగానో చూపగలిగినంత తేడా.

నమోదులో అబద్ధం అన్నది చాలాసార్లు ఇలా పుడుతుంది. దీన్ని కార్యకర్తల నిర్లక్ష్యంగా చెప్పే నివేదికలకు కొదవలేదు. "తెలియదు" అని చెప్పడానికి తావివ్వని పుట మీద నిజం రాయడం ఎవరికీ సాధ్యం కాదు.

3. పూసలతో లెక్క:

ఇందుకు భిన్నమైన రూపకల్పన మన పొరుగునే జరిగింది. తెలంగాణ సరిహద్దున, ప్రాణహిత, గోదావరుల అవతల ఉన్న గడ్చిరోలి జిల్లాలో, ఆ జిల్లా దక్షిణ కొసన సిరొంచ ప్రాంతంలో తెలుగు మాట్లాడేవారు నేటికీ ఉన్నారు. అక్కడ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు నడిపిన 'సెర్చ్' సంస్థ పసిపిల్లల న్యుమోనియాను ఊళ్ళోనే గుర్తించే మార్గం వెతికింది. వైద్యశాస్త్రం చెప్పే గుర్తు సులభమైనదే: బిడ్డ నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల్లో రెండు నెలల లోపు పసికందుకు 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు 50, ఆపైన ఐదేళ్ళ లోపు బిడ్డకు 40 దాటడం ప్రమాద సూచన. చిక్కల్లా, ఊళ్ళో పురుళ్ళు పోసే మంత్రసానులకు అంత దూరం లెక్కపెట్టడం రాదు.

వారికి లెక్కలు నేర్పాలని గానీ, చదువుకున్నవారిని వెతికి పెట్టుకోవాలని గానీ ఆ వైద్య దంపతులు అనుకోలేదు. ఒక నిమిషం ఇసుక గడియారాన్నీ, పూసల వరుసలనూ కలిపి చిన్న పనిముట్టు చేశారు. పది ఊపిరులకు ఒక పూస జరపాలి. ఇసుక కారడం ఆగేలోగా వరుసలో చివరి పూస దాకా వస్తే బిడ్డకు మందు కావాలి. పసికందులకు ఒక వరుస, కాస్త పెద్ద పిల్లలకు మరొకటి. పది దాకా లెక్కపెట్టగలిగితే చాలు. ఈ పనిముట్టును గురించి 1992లోనే వారు వైద్యపత్రికలో ప్రకటించారు.

దీన్ని యాప్‌కు ముత్తాతగా చూడవచ్చు: సమాచారం తీసుకుంటుంది, గణిస్తుంది, నిర్ణయం చెబుతుంది. తేడా ఎక్కడంటే, అది చెప్పేది చేతిలో పట్టుకున్న మనిషికే. పూసల సమాచారం ఎక్కడికీ వెళ్ళదు. ఎవరి నివేదికలోనూ చేరదు. ఆ నిమిషంలో, ఆ గుడిసెలో, ఆ మంత్రసాని ఏం చేయాలో నిర్ణయించుకోవడానికి పనికివస్తుంది. బోద్ధవ్యురాలు ఆమే. తరువాత ఇదే సంస్థ రూపొందించిన, ఇంటివద్దే నవజాత శిశువుల సంరక్షణ పద్ధతి దేశవ్యాప్తంగా ఆశా కార్యకర్తల విధుల్లో చేరింది. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆరుసార్లు చూడడం, ఇంట్లో పుడితే మొదటి రోజు కలిపి ఏడుసార్లు చూడడం దాని నుంచి వచ్చిందే. నేడు చూసినదానికంటే చూసినట్టు నమోదు కావడం మీద ఎక్కువ శ్రద్ధ పెరిగింది. ఆ పద్ధతి తప్పు కాదది.

4. రెండు ప్రయోగాలు:

యాప్‌ల పక్షాన చెప్పదగిన సాక్ష్యం లేకపోలేదు. టాంజానియాలోని దార్-ఎస్-సలామ్‌లో బ్రయాన్ డెరెంజీ, సహపరిశోధకులు చేసి 2012లో ప్రకటించిన అధ్యయనం వీటిలో ముఖ్యమైనది. ఇంటికి వెళ్ళవలసిన రోజు దాటిపోతే కార్యకర్త ఫోనుకు ఎస్.ఎం.ఎస్. వస్తుంది. అప్పటికీ వెళ్ళకపోతే ఆమె పర్యవేక్షకురాలికి సమాచారం పోతుంది. దీనివల్ల సందర్శనల సగటు ఆలస్యం 9.7 రోజుల నుంచి 1.4 రోజులకు తగ్గింది. అంటే 86 శాతం తగ్గుదల. ఈ అంకెను చాలామంది ఉటంకిస్తారు. అదే అధ్యయనంలోని మరో అంశాన్ని ఉటంకించేవారు తక్కువ: పర్యవేక్షకురాలికి తెలియజేసే మెట్టును తీసేస్తే పనితీరు గణనీయంగా పడిపోయింది. గుర్తుచేయడం వల్ల కొంత ఫలితం వచ్చిందనుకున్నా, దాన్ని నిలబెట్టింది మాత్రం వెనుక మరో కన్ను ఉందన్న ఎరుకే.

ఇందులో తప్పేముందని అడగవచ్చు. జవాబుదారీతనం అవసరమే. అక్కడ వ్యవహారం పర్యవేక్షకురాలి దాకా పోయిన సందర్భాలు బహు తక్కువని కూడా ఆ పరిశోధకులే నమోదు చేశారు. పర్యవేక్షకురాలు తెలిసిన మనిషి అయితే, ఆలస్యానికి కారణం అడిగి వినే మనిషి అయితే, ఆ ఎరుక తోడుగా పనిచేస్తుంది. అదే ఒక రంగు పట్టికగా మారి కలెక్టరు కార్యాలయం గోడమీద మెరిస్తే భయంగా పనిచేస్తుంది. తెర రెండుచోట్లా ఒకటే. ఈ భేదాన్ని అంకె పట్టి చూపలేదు. యాప్‌ను దేశం నుంచి దేశానికి తీసుకువెళ్ళేవారు అంకెను తెస్తారు, పర్యవేక్షకురాలిని తేలేరు.

రెండో ప్రయోగం మన నేలమీదే, పశ్చిమ గోదావరి జిల్లాలో జరిగింది. 'స్మార్ట్‌హెల్త్' పేరిట జార్జ్ ఇన్‌స్టిట్యూట్ నిర్వహించిన ఈ పరిశోధనలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, 54 గ్రామాలు ఉన్నాయి. ఆశా కార్యకర్తలకు ట్యాబ్ ఇచ్చారు. నలభై ఏళ్ళు దాటినవారి రక్తపోటు కొలిచి, వివరాలు నమోదు చేస్తే, గుండెజబ్బు ముప్పు ఎంత ఉందో యాప్ అప్పటికప్పుడు చెబుతుంది. ముప్పు ఎక్కువున్నవారిని వైద్యుడి దగ్గరకు పంపాలి, తరువాత కనిపెట్టుకుని ఉండాలి. రూపకల్పనగా చూస్తే ఇది గడ్చిరోలి పూసలకు దగ్గరి చుట్టం. సమాచారం పైకి పోతుంది నిజమే. కానీ ముందు కార్యకర్తకే ఒక తెలివిడి దక్కుతుంది. ఊళ్ళో మనిషికి ఆమె అక్కడికక్కడే ఒక మాట చెప్పగలుగుతుంది. ఆశా కార్యకర్తలు తమ పని తాము చేశారు. అరవై వేలకు పైగా జనాన్ని పరీక్షించారు. ఎనిమిది వేలకు పైగా ముప్పున్నవారిని గుర్తించారు. వారిలో అధికుల ఇళ్ళకు మళ్ళీ వెళ్ళి చూశారు.

అయినా 2019లో ప్రకటించిన ఫలితాల్లో, యాప్ అమలైన దశలోనూ అమలు కాని దశలోనూ రక్తపోటు అదుపులోకి వచ్చినవారి శాతంలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు.

నేను ఈ ఫలితాన్ని యాప్ వైఫల్యంగా చదవను. ఇది అర్ధవాక్యం. "నీకు ముప్పుంది" అన్నంతవరకు కార్యకర్త పలికింది. "ఇదిగో మందు" అన్న మిగతా సగం పలకవలసింది ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని వైద్యుడూ, మందుల బీరువా. రక్తపోటు మాత్ర ఒకరోజుతో అయిపోయేది కాదు, నెలనెలా అందాలి. ఆ రెండో సగానికి ఎవరూ అంత శ్రద్ధగా తెర తయారుచేయలేదు. మంచి రూపకల్పన కూడా తనను చదవవలసిన రెండోవాడు చోటులో లేకపోతే ఏమవుతుందో ఈ ప్రయోగం ఎంతో నిజాయితీగా చూపింది. అనుకూలించని ఫలితాన్ని అలాగే ప్రకటించిన పరిశోధకులను మెచ్చుకోవాలి. ఈ రంగంలో అది తరచు జరిగేది కాదు.

5. పోషణ్ ట్రాకర్ – పైకి చదివే వాచకం:

2021 మార్చి 1న కేంద్ర స్త్రీ, శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ ప్రవేశపెట్టిన పోషణ్ ట్రాకర్ పేరులోనే దాని దృష్టి ఉంది. అడుగుజాడలు పట్టడం అనే అర్థంలో 'ట్రాకర్'. జాడలు ఎవరివన్నది పేరు చెప్పదు. పిల్లల పోషణవా, కార్యకర్తవా?

అదే ఏడాది మహారాష్ట్రలో వేలమంది అంగన్‌వాడీ కార్యకర్తలు తమకిచ్చిన ఫోన్లను ప్రభుత్వానికి తిరిగి ఇచ్చివేశారు. ఫోన్లు నాసిరకమన్నది ఒక ఫిర్యాదు. యాప్‌లో ఆంగ్లమే తప్ప తాము రాయగల మరాఠీ లేదన్నది మరొకటి. వివాదం బొంబాయి హైకోర్టు దాకా వెళ్ళింది. అదే సంవత్సరం హర్యానాలో ఆశా కార్యకర్తలు 'ఎం.డి.ఎం. 360 షీల్డ్' అనే యాప్‌ను తమ ఫోన్లలో వేసుకోబోమని ఆందోళన చేశారు. అది తాము ఎక్కడున్నామో కనిపెట్టడానికేనని వారి అభ్యంతరం. ఈ రెండు సంఘటనలనూ కార్మిక సమస్యలుగా మాత్రమే చూశారు. నా దృష్టిలో అవి విమర్శలు కూడా. ఒక వాచకం తమను ఉద్దేశించినది కాదని గుర్తించిన పాఠకులు దాన్ని మూసి తిరిగి ఇచ్చారు. వాచకాన్ని తిరస్కరించే హక్కు పాఠకులకు ఉంటుందని సాహిత్య విమర్శ ఏనాడో ఒప్పుకుంది. పాలనా వ్యవస్థ ఇంకా ఒప్పుకోలేదు.

ఇటీవల ఇంటికిచ్చే పోషకాహారానికి ముఖ గుర్తింపు వచ్చి చేరింది. 2025 జూలై 1 నుంచి అది తప్పనిసరి. ఆధార్‌తో సరిపోల్చాలి, ఓటీపీ చెప్పాలి, ఆపైన ముఖం చూపాలి. దొంగ పేర్లను ఏరివేయడం ఉద్దేశమని చెబుతారు. అది కొట్టివేయదగిన ఉద్దేశం కాదు, దొంగ పేర్లు ఉన్నాయి. అయితే ఈ వరుసలో ఒక్కొక్క మెట్టూ ఒక స్త్రీ జీవితాన్ని ఎలా ఊహించుకుందో చూడాలి. ఓటీపీ వచ్చే ఫోను ఆమె చేతిలోనే ఉందని మొదటి ఊహ. చాలా ఇళ్ళలో ఆ నంబరు భర్తది. అతను హైదరాబాదులోనో బెంగళూరులోనో తాపీ పనిలో ఉంటాడు. ముఖం ఆధార్ ఫొటోకు సరిపోలుతుందని రెండో ఊహ. పదో తరగతిలో తీసిన ఫొటోకూ, రక్తహీనతతో ఏడో నెల మోస్తున్న ముఖానికీ పోలిక కుదరకపోతే ఎవరి తప్పు? పేర్లు కలుస్తాయని మూడో ఊహ. తెలుగువారి ఇంటిపేరు ముందు వస్తుంది, ఒకచోట పూర్తిగా, ఒకచోట ఒక్క అక్షరంగా. పెళ్ళయ్యాక ఒక కార్డులో మారుతుంది, మరోదాంట్లో మారదు. ఈ మూడు ఊహల్లో ఏది తప్పినా ఆ ఇంటివారికి జవాబు చెప్పవలసినది యాప్ తయారుచేసినవారు కాదు. ఎదురుగా నిలబడ్డ అంగన్‌వాడీ టీచరు. "సర్వర్ రాలేదమ్మా" అన్న మాట పల్లెల్లో ఎంత నలిగిపోయిందంటే, అది ఇప్పుడు కారణంగా కాక క్షమాపణగా వినిపిస్తుంది.

6. తెలుగు తెర:

మరాఠీ కార్యకర్తల ఫిర్యాదు చూసి, భాష మారిస్తే సరిపోతుందని అనుకోవడం సహజం. పోషణ్ ట్రాకర్‌లో ఇప్పుడు తెలుగూ ఉంది. కానీ అనువాదం అయినంత మాత్రాన వాచకం తెలుగుది కాదు.

'లబ్ధిదారు' అన్న ఒక్క పదం చాలు. పథకాల భాషలో ఇది ఎంత పాతుకుపోయిందంటే, దాని వింతదనం మనకు తోచదు. గర్భిణినీ, బాలింతనూ, ఏడాది బిడ్డనూ ఒకే గాటన కట్టి, ముగ్గురినీ పుచ్చుకునేవారిగా నిర్వచించే పదమిది. ఏ కార్యకర్తా గడపలో నిలబడి ఈ పదం పలకదు. "అక్కా", "వదినా", "పిన్నీ" అంటుంది. అంటే ప్రశ్న తెరమీద ఒక భాషలో ఉంది, గడపలో మరో భాషలో అడగాలి, సమాధానం మూడో భాషలో వస్తుంది, దాన్ని మళ్ళీ మొదటి భాషలోకి మార్చాలి. ఈ అనువాదాలన్నీ జరిగేది కార్యకర్త బుర్రలో, నిలువుకాళ్ళ మీద. దానికి శిక్షణా లేదు, గౌరవమూ లేదు.

అనువాదంలో పోగొట్టుకున్నవీ ఉన్నాయి. పాలిచ్చే తల్లి అన్నది ఆంగ్లపదానికి మాటకు మాట. మనకు 'బాలింత' ఉంది, అంతకంటే సూక్ష్మంగా 'పచ్చి బాలింత' ఉంది. ప్రసవమైన తొలిరోజుల్లో, రక్తస్రావం, జ్వరం, వాతం అన్నిటికీ భయపడవలసిన దశలో ఉన్న స్త్రీ అని ఆ 'పచ్చి' అన్న విశేషణమే చెబుతుంది. మాతృమరణాల్లో పెద్దభాగం ప్రసవ సమయంలోనూ ఆ వెంటనే వచ్చే రోజుల్లోనూ జరుగుతాయన్న వైద్యసత్యాన్ని ఈ మాట ఏనాడో పసిగట్టింది. అలాగే న్యుమోనియా ముదిరిన బిడ్డకు 'ఛాతీ లోపలికి లాక్కుపోవడం' అన్న గుర్తు అడిగితే తల్లి తడబడుతుంది. "డొక్కలెగరేస్తున్నాడా?" అంటే క్షణం ఆలోచించదు. తెరమీద అడగవలసిన ప్రశ్న ఇలా పలికే వాక్యంగా ఉంటే కార్యకర్తకు ఒక అనువాదం తప్పుతుంది, బిడ్డకు కొంత సమయం కలిసివస్తుంది.

ఇంకో సంగతి కూడా మరువరాదు. తెలుగే పరిష్కారమని మైదానంలో కూర్చుని నిర్ణయించే హక్కు మనకు లేదు. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో తల్లులు కువి మాట్లాడతారు, ఆదివాసీ ఒడియా మాట్లాడతారు. భద్రాచలం అవతల కోయ మాట్లాడతారు. అక్కడి కార్యకర్తకు తెలుగు తెర కూడా పరాయి తెరే. మహారాష్ట్రలో ఆంగ్లం మీద పెట్టిన ఫిర్యాదును ఆమె తెలుగు మీద పెట్టవచ్చు.

7. పుట్టిల్లు అనే గడి:

తెలుగు నాట తొలికాన్పు పుట్టింట్లో జరగడం ఆనవాయితీ. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో కూతుర్ని తీసుకువెళ్తారు, మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డతో పంపుతారు. ఈ సంగతి తెలియని తెలుగువారు లేరు. అయినా ఆరోగ్య వ్యవస్థ నమోదు పద్ధతి అత్తవారి ఊరికి కట్టివేసినట్టు ఉంటుంది. నమోదు ఒక ఊళ్ళో, కాన్పు మరో ఊళ్ళో, పైన చెప్పిన ఆరు సందర్శనలు జరగవలసింది ఆ రెండో ఊళ్ళో. అత్తవారి ఊరి ఆశా కార్యకర్త తెరమీద ఆ పేరు పక్కన గడువు దాటిన గుర్తు వెలుగుతూనే ఉంటుంది. పుట్టింటి ఊరి ఆశాకు ఆమె సొంత జాబితాలోని మనిషి కాదు. తొలిచూలు, చిన్నవయసు, కొత్తబిడ్డ, అంటే ఎవరిని ఎక్కువ కనిపెట్టుకోవాలో సరిగ్గా వారే రెండు జాబితాల నడుమ జారిపోతారు. 'వలస' అన్న ఎంపిక ఉన్నచోట కూడా అది ఈ పరిస్థితికి అతకదు. వలస వెళ్ళినవారు ఎప్పుడొస్తారో తెలియదు. పుట్టింటికి వెళ్ళిన కూతురు ఎప్పుడొస్తుందో ఊరంతటికీ తెలుసు.

రూపకల్పన పరంగా ఇది కష్టమైన సమస్య కాదు. నమోదు మనిషితో పాటు కదలాలి. రెండు ఊళ్ళ కార్యకర్తలూ ఒకే పుటను చూడగలగాలి. 'పుట్టింట్లో ఉంది, ఫలానా నెలలో వస్తుంది' అన్నది పూర్తి సమాధానంగా చెల్లాలి. దానితోపాటు తెలియకపోవడంలోని తేడాలు కూడా రాయగలగాలి. 'ఆమెకే తేదీ తెలియదు', 'చెప్పడానికి ఇష్టపడలేదు', 'తాళం వేసి ఉంది', 'అత్త ఎదుట అడగలేకపోయాను' అన్నవి నాలుగూ నాలుగు వేర్వేరు సంగతులు. నాలుగింటికీ తరువాత చేయవలసిన పని వేరు. ఇవాళ నాలుగూ ఒక ఖాళీగానో, ఒక కల్పిత తేదీగానో మారుతున్నాయి.

దీనికొక బలమైన ఆక్షేపణ ఉంది. అలాంటి తావిస్తే పని తప్పించుకోవడానికి అందరూ 'తాళం వేసి ఉంది' నొక్కుతారని అధికారులు అంటారు. కొందరు నొక్కుతారు కూడా. ఒక్కో పనికి ఇంతని ప్రోత్సాహకం కట్టి, నమోదునే కూలికి రుజువుగా చేసిన వ్యవస్థలో ఏ గడి అయినా అలా వాడుకకు లొంగుతుంది. నవజాత శిశువును ఆరుసార్లు చూసినందుకు ఆశాకు దక్కేది 250 రూపాయలు. ఐదుసార్లు చూసి, ఆరోసారికి బిడ్డ ఊరు దాటిపోతే ఆమె ఏం రాయాలి? గడుల సంఖ్య పెంచడం ఒక్కటే దీన్ని తీర్చదు. 'తెలియదు' అన్న సమాధానాన్ని పై మెట్టులోనివారు ఎలా చదువుతారన్న దానిమీద ఆధారపడి ఉంటుంది.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెలవారీ సమావేశం జరుగుతుంది. యాప్ నుంచి తీసిన జాబితా చదువుతారు. సాధారణంగా అది ఏ ఊళ్ళో ఎన్ని గడులు ఖాళీగా ఉన్నాయో చెప్పే జాబితా. ఆ ఊరి కార్యకర్త లేచి నిలబడాలి. అదే యాప్, అదే సమాచారంతో, పుట్టింటికి వెళ్ళిన పచ్చి బాలింతల పేర్లు, ఏ ఊళ్ళో ఉన్నారో, అక్కడి ఆశా ఎవరో చెప్పే జాబితాను కూడా తీయగలదు. ఆ జాబితా చదివితే నిలబడవలసిన వారెవరూ ఉండరు. పక్క ఊరి ఆశాకు ఫోను చేయవలసిన వారు ఉంటారు.